లారీ, బస్సు నడిపేందుకు ఎంత శిక్షణ కావాలి: చట్టం కోరేది, రహదారి కోరేది

దేశంలో లారీ లేదా బస్సు డ్రైవర్‌గా వృత్తిలో అడుగుపెట్టాలంటే కనీసం 20 ఏళ్ల వయసు ఉండాలి. తేలికపాటి వాహన లైసెన్సు పొంది ఏడాది గడిచి ఉండాలి. వైద్య ధ్రువపత్రంతో పాటు అనుమతి ఉన్న డ్రైవింగ్ స్కూలు జారీ చేసిన శిక్షణ ధ్రువపత్రం చూపాలి. ఆ స్కూలులో 30 రోజులకు తగ్గకుండా శిక్షణ పొందాలని, అందులో కనీసం 15 గంటలు స్టీరింగు పట్టి వాహనాన్ని నడపాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తోంది. కాగితం మీద ఈ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. అయితే ఆ 15 గంటలు నిజంగా గడిచాయా, గడిచినా అవి చాలుతాయా అన్న ప్రశ్నలకు లైసెన్సు కార్డు మీద సమాధానం దొరకదు.

2025 అక్టోబరు 24న తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న ఒక ప్రైవేటు బస్సు కర్నూలు సమీపంలో దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. ఆ తర్వాత పది రోజులకే, నవంబరు 3న తెలంగాణలోని చేవెళ్ల వద్ద కంకరతో వస్తున్న టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘటనలో మరో 19 మంది ప్రాణాలు కోల్పోయారు. ఏ ప్రమాదానికైనా కారణాలు అనేకం ఉంటాయి. రహదారి స్థితి, వాహనం నిర్మాణం, వేగం, ఎదుటివారి పొరపాటు అన్నీ వాటిలో భాగమే. అయినా ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా భారీ వాహనాన్ని ఒకరి చేతికి అప్పగించే ముందు వ్యవస్థ ఏం పరిశీలిస్తోందన్న ప్రశ్న తిరిగి చర్చకు వస్తోంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించగా, వాటిలో 1,68,491 మంది మరణించారు. ఈ నేపథ్యంలో కొత్త డ్రైవర్లకు వర్తించే శిక్షణ నిబంధనల సమగ్ర వివరణ ఇది.

ఏవి రవాణా వాహనాలు?

ప్రయాణికులను లేదా సరకును కిరాయికి తీసుకువెళ్లే వాహనాలను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 'రవాణా వాహనాలు'గా పరిగణిస్తుంది. విద్యాసంస్థల బస్సులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. సరకు వాహనాలను బరువును బట్టి మూడు తరగతులుగా విభజించారు. సరకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 7,500 కిలోలకు మించనివి తేలికపాటి వాహనాలు. ఆపై 12,000 కిలోల వరకు ఉన్నవి మధ్యతరహా వాహనాలు. 12,000 కిలోలు దాటినవి భారీ వాహనాలు. 1994లో చేసిన సవరణతో మధ్యతరహా, భారీ వాహనాల లైసెన్సు విభాగాలన్నీ కలిసిపోయి 'రవాణా వాహనం' అనే ఒకే విభాగం ఏర్పడింది.

తేలికపాటి వాహన లైసెన్సుతో చిన్న సరకు వాహనాన్ని నడపవచ్చా అన్న వివాదం సుదీర్ఘకాలం న్యాయస్థానాల్లో నలిగింది. నడపవచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. దానిపై బీమా సంస్థలు అభ్యంతరం తెలపడంతో విషయం ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని, అందుకు విడిగా రవాణా అనుమతి అవసరం లేదని 2024 నవంబరు 6న ఆ ధర్మాసనం స్పష్టం చేసింది. ప్రమాదకర సరకు రవాణా చేసే వాహనాలు, ఈ-రిక్షాల వంటి వాటికి ఉన్న ప్రత్యేక నిబంధనలు యథాతథంగా కొనసాగుతాయని పేర్కొంది.

లక్షలాది మంది చిన్న వాహన డ్రైవర్ల జీవనోపాధికి ఈ తీర్పు భరోసా ఇచ్చింది. అదే సమయంలో దాని నుంచి మరో పర్యవసానం కూడా ఉంది. తేలికపాటి వాహన లైసెన్సుకు డ్రైవింగ్ స్కూలు ధ్రువపత్రం తప్పనిసరి కాదు. పరీక్షలో నెగ్గితే చాలు. కాబట్టి కూరగాయలు, పాలు, సిమెంటు బస్తాలు మోసే చిన్న సరకు వాహనాల డ్రైవర్లు స్కూలులో ఒక్కరోజు కూడా శిక్షణ పొందకుండానే చట్టబద్ధంగా వృత్తిలోకి రావచ్చు. శిక్షణను తప్పనిసరి చేసే నిబంధన ప్రధానంగా మధ్యతరహా, భారీ వాహనాలకే పరిమితమవుతోంది.

ప్రవేశ అర్హతలు

సాధారణ వాహనాలకు 18 ఏళ్లు నిండితే సరిపోగా, రవాణా వాహనాలకు చట్టంలోని 4వ సెక్షన్ కనీస వయసును 20 ఏళ్లుగా నిర్ణయించింది. తేలికపాటి వాహనానికి లైసెన్సు పొంది కనీసం ఏడాది పూర్తికానిదే రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరాదని 7వ సెక్షన్ చెబుతోంది. చిన్న వాహనంపై రహదారి మర్యాద, రద్దీ అలవడిన తర్వాతే పెద్ద వాహనం వైపు రావాలన్నది దీని ఉద్దేశం.

వ్యక్తిగత వాహనానికి దరఖాస్తు చేసేవారు తమ ఆరోగ్య స్థితిపై స్వయంగా ఇచ్చే ప్రకటన సరిపోతుంది. రవాణా వాహనానికి మాత్రం వైద్యుడు పరీక్షించి ఇచ్చే ఫారం 1ఏ ధ్రువపత్రం జతచేయాలి. చూపు, వినికిడి, రేచీకటి వంటి అంశాలతో పాటు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడాను గుర్తించగలగడాన్ని కూడా వైద్యుడు ధ్రువీకరించాలి.

చదువు విషయంలో 2019లో కీలకమైన మార్పు వచ్చింది. అంతకుముందు రవాణా వాహన లైసెన్సుకు కనీసం 8వ తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి. మేవాత్ ప్రాంతంలో డ్రైవింగే జీవనాధారమైన ఎందరికో చదువు లేదని, మినహాయింపు ఇవ్వాలని హరియాణా ప్రభుత్వం కోరింది. నైపుణ్యం ఉన్నా చదువు లేదన్న కారణంతో పేదలు ఉపాధికి దూరమవుతున్నారని భావించిన కేంద్రం, ఆ ఏడాది విద్యార్హత నిబంధనను దేశమంతటా తొలగించింది. అదే సందర్భంలో రోడ్డు భద్రత విషయంలో రాజీ ఉండదని, శిక్షణ, నైపుణ్య పరీక్షలను పటిష్ఠం చేస్తామని ప్రకటించింది. రహదారి సంకేతాలను చదవడం, ప్రయాణానికి ముందు, తర్వాత వాహనాన్ని తనిఖీ చేసి వివరాలు నమోదు చేయడం, పత్రాల్లో తేడాలుంటే గుర్తించడం వంటివి డ్రైవర్‌కు నేర్పే బాధ్యత శిక్షణ సంస్థలదేనని పేర్కొంది. అంటే బడి మీద ఉన్న భారం కూడా 2019 తర్వాత డ్రైవింగ్ స్కూలు మీదికి వచ్చింది.

30 రోజులు, 15 గంటలు

డ్రైవింగ్ స్కూలు ధ్రువపత్రం లేనివారికి రవాణా వాహన లైసెన్సు మంజూరు చేయరాదన్న నిబంధన చట్టంలోని 9వ సెక్షన్‌లో ఉంది. ఈ ధ్రువపత్రాన్ని ఫారం 5 అంటారు. స్కూళ్లకు 12వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి ఇస్తుంది. శిక్షకుడికి కనీసం 10వ తరగతి ఉత్తీర్ణత, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. శిక్షణ వాహనంలో అభ్యర్థి తప్పుచేస్తే పక్కనే ఉన్న శిక్షకుడు వాహనాన్ని అదుపు చేసేందుకు రెండో నియంత్రణ ఏర్పాటు కూడా తప్పనిసరి.

పాఠ్యప్రణాళికను 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 31వ నియమం నిర్ణయించింది. మధ్యతరహా, భారీ వాహనాల అభ్యర్థులకు డ్రైవింగ్ సిద్ధాంతం, ట్రాఫిక్ పరిజ్ఞానం, ప్రజలతో మెలగవలసిన తీరు, భారీ వాహనంపై ఆచరణాత్మక శిక్షణ, అగ్నిప్రమాదాల నివారణ, వాహన నిర్వహణ, ప్రథమ చికిత్స బోధించాలి. ఇదంతా 30 రోజులకు తగ్గకుండా సాగాలి. వాహనాన్ని స్వయంగా నడిపే సమయం 15 గంటలకు తగ్గరాదు. వ్యక్తిగత తేలికపాటి వాహనాల విషయంలో స్కూలు శిక్షణకు ఈ పరిమితులు 21 రోజులు, 10 గంటలు.

ఈ 15 గంటలు ఎంత కాలమో అర్థం కావాలంటే ఒక సాధారణ ప్రయాణంతో పోల్చి చూడవచ్చు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు దూరం దాదాపు 570 కిలోమీటర్లు. నిండు లోడుతో గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున సాగే లారీకి 14 గంటలకు పైగానే పడుతుంది. అంటే కొత్త డ్రైవర్ మొత్తం ఆచరణాత్మక శిక్షణ, అతడు వృత్తిలో చేరాక చేసే ఒకే ఒక్క ట్రిప్పుతో సమానం. నెల రోజుల శిక్షణలో రోజుకు స్టీరింగు పట్టేది సగటున అరగంట మాత్రమే.

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు

ఈ పరిమితిని గుర్తించే, కేంద్ర ప్రభుత్వం సాధారణ స్కూళ్లకు భిన్నంగా మరో వ్యవస్థను రూపొందించింది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం 'గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు' ఏర్పాటవుతున్నాయి. భారీ వాహనాల శిక్షణ ఇచ్చే కేంద్రానికి కనీసం రెండెకరాల స్థలం, బోధన గదులు, సిమ్యులేటరు, ప్రత్యేక డ్రైవింగ్ ట్రాక్ ఉండాలి. శిక్షకుడికి కనీసం 12వ తరగతి ఉత్తీర్ణత, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం అవసరం. గుర్తింపు ఐదేళ్ల పాటు చెల్లుతుంది. ఇక్కడ తేలికపాటి వాహనాలకు నాలుగు వారాల్లో 29 గంటలు, మధ్యతరహా, భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల కోర్సు నిర్వహిస్తారు. ఈ గంటల్లో తరగతి బోధన, ఆచరణాత్మక శిక్షణ రెండూ కలిసి ఉంటాయి.

ఈ కేంద్రంలో కోర్సు పూర్తిచేసి, అక్కడి పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి ఫారం 5బి ఇస్తారు. అది ఉన్నవారికి ఆర్టీవో కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు లభిస్తుంది. ఇకపై ఆర్టీవో కార్యాలయాలతో పని లేదంటూ 2024లో జరిగిన ప్రచారంపై మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. మినహాయింపు గుర్తింపు పొందిన కేంద్రాల ధ్రువపత్రానికే వర్తిస్తుందని, సాధారణ స్కూలు ఇచ్చే ఫారం 5 ఉన్నవారు పరీక్షకు హాజరు కావలసిందేనని, ఏ సందర్భంలోనైనా లైసెన్సు జారీ చేసే అధికారం రవాణా శాఖదేనని స్పష్టం చేసింది.

ఈ రెండు ధ్రువపత్రాల మధ్య తేడా అభ్యర్థులకు తెలిసి ఉండటం అవసరం. ఫారం 5 విషయంలో స్కూలు శిక్షణ ఇస్తుంది, ప్రభుత్వ అధికారి పరీక్షిస్తాడు. ఫారం 5బి విషయంలో శిక్షణ ఇచ్చేదీ, పరీక్షించేదీ ఒకే సంస్థ. శిక్షణ నాణ్యత బాగుంటే ఇది అభ్యర్థికి కాలయాపన తప్పించే సౌకర్యం. నాణ్యత లోపిస్తే ఆ లోపాన్ని పట్టుకునేందుకు మధ్యలో మరొక కన్ను ఉండదు. కాబట్టి ఈ కేంద్రాలపై పర్యవేక్షణ ఎంత గట్టిగా ఉంటుందన్నదే ఈ విధానం విజయాన్ని నిర్ణయిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో భారీ వాహనాల శిక్షణ కోసం ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం జిల్లా దర్శిలో ఇలాంటి కేంద్రాలను నెలకొల్పారు. తమిళనాడులో లారీ పరిశ్రమకు పేరొందిన నామక్కల్‌లో అశోక్ లేలాండ్ సంస్థ 1995లోనే డ్రైవర్ శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది.

పరీక్ష, లైసెన్సు, గడువు

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలల పాటు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. దరఖాస్తు చేసిన తరగతికి చెందిన వాహనంపైనే పరీక్ష ఉంటుంది. ఎత్తు మీద ఆగిన వాహనాన్ని వెనక్కి జారకుండా ముందుకు కదిలించడం, ఇరుకు స్థలంలోకి రివర్సు చేయడం, సరైన సమయంలో గేర్లు మార్చడం, అత్యవసరంగా నిలపడం వంటివి అధికారి పరిశీలిస్తాడు. తప్పినవారు ఏడు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు. మూడుసార్లు తప్పితే చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ ప్రకారం అలాంటి వారు స్కూలులో మరోసారి దిద్దుబాటు శిక్షణ కూడా పూర్తిచేయాలి.

రవాణా వాహన లైసెన్సు గడువు గతంలో మూడేళ్లు ఉండగా, 2019 సవరణతో ఐదేళ్లకు పెరిగింది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచి, ముగిసిన తర్వాత ఏడాది లోపు పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాది దాటితే పరీక్షకు మళ్లీ హాజరు కావాలి. అయితే గడువు ముగిసిన లైసెన్సుతో వాహనం నడపడం నేరమే. పునరుద్ధరణకు ఉన్న వ్యవధిని నడిపేందుకు అనుమతిగా భావించరాదు.

పెట్రోలు, వంటగ్యాస్, ఆమ్లాల వంటి ప్రమాదకర సరకును తరలించే డ్రైవర్లకు నిబంధనలు మరింత కఠినంగా ఉంటాయి. వీరు రాజ్యాంగంలోని 8వ షెడ్యూలులో ఉన్న ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం తెలిసినవారై ఉండాలి. మూడు రోజుల ప్రత్యేక కోర్సు పూర్తిచేసి లైసెన్సుపై నమోదు చేయించుకోవాలి. దాని గడువు మూడేళ్లు. సాధారణ లారీ డ్రైవర్‌కు విద్యార్హత తొలగినా, ట్యాంకరు డ్రైవర్‌కు అక్షరజ్ఞానం తప్పనిసరిగానే మిగిలింది. ట్యాంకరుపై రాసిన హెచ్చరికలను, సరకు వెంట ఉండే సూచనల పత్రాన్ని ప్రమాద సమయంలో చదివి అర్థం చేసుకోవలసినది అతడే.

బస్సు డ్రైవర్లకు అదనపు నిబంధనలు

ప్రయాణికుల వాహనాలు నడిపేవారు లైసెన్సుతో పాటు ఆయా రాష్ట్రాల నియమావళి ప్రకారం బ్యాడ్జి పొందవలసి ఉంటుంది. ప్రభుత్వ రవాణా సంస్థలు దీనికి మించి సొంత ప్రమాణాలు పాటిస్తాయి. తెలంగాణ ఆర్టీసీ 2025లో చేపట్టిన 1,000 డ్రైవర్ పోస్టుల నియామకంలో, చట్టం విద్యార్హతను తొలగించినా, 10వ తరగతి ఉత్తీర్ణతను కోరింది. ప్రైవేటు బస్సుల్లోకి తీసుకునే డ్రైవర్లకు లైసెన్సుకు మించి ఏ పరీక్ష పెట్టాలన్నది యజమాని విచక్షణపైనే ఆధారపడి ఉంది. ఒకే రహదారిపై, ఒకే లైసెన్సుతో నడిచే రెండు బస్సుల డ్రైవర్ల శిక్షణలో తేడా ఇక్కడే మొదలవుతుంది.

క్లీనర్ నుంచి డ్రైవర్ వరకు

చట్టం ఊహించిన దారి స్కూలు నుంచి రహదారికి వెళుతుంది. వాస్తవంలో ఎందరో లారీ డ్రైవర్ల దారి క్లీనర్ సీటు నుంచి మొదలవుతుంది. పదిహేనేళ్ల కుర్రాడు లారీ ఎక్కి టైర్లలో గాలి చూడటం, తాడు బిగించడం, టార్పాలిన్ కప్పడం, రివర్సులో దారి చూపడం నేర్చుకుంటాడు. కొన్నేళ్లకు రాత్రివేళ ఖాళీ రహదారిపై పెద్ద డ్రైవర్ అతడి చేతికి స్టీరింగు ఇస్తాడు. వాహనంతో ఏళ్ల తరబడి గడపడం వల్ల వచ్చే పరిచయం ఈ పద్ధతిలోని బలం. ఇంజిను శబ్దంలో తేడా వినగానే లోపం ఎక్కడుందో చెప్పగల డ్రైవర్లు ఈ దారిలోనే తయారయ్యారు.

బలహీనత కూడా ఇందులోనే ఉంది. గురువుకు తెలిసిన మంచితో పాటు అతడి తప్పులూ శిష్యుడికి సంక్రమిస్తాయి. డీజిలు ఆదా అవుతుందని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరును న్యూట్రల్‌లో ఉంచడం అలాంటి అలవాటే. పైగా ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా జరిగే ఈ శిక్షణ చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే ఆ కుర్రాడికి ఎలాంటి రక్షణా ఉండదు. చివరకు లైసెన్సు అవసరమైన రోజున 'నాకు ముందే వచ్చు' అన్న ధీమాతో అభ్యర్థి, 'ఇతడికి నేర్పేదేముంది' అన్న ధోరణితో స్కూలు కలిసి 30 రోజుల శిక్షణను ఒక సంతకంగా కుదించే ప్రమాదం ఉంది. అతడు ఎన్నడూ నేర్వని విషయాలు ఆ సంతకం కింద అలాగే మిగిలిపోతాయి.

15 గంటల్లో నేర్వవలసినవి

భారీ వాహనం కారుకు పెద్ద రూపం కాదు. దాని నడక వేరు. మొదటిది బ్రేకు. లారీలు, బస్సుల్లో ఎక్కువగా గాలి పీడనంతో పనిచేసే ఎయిర్ బ్రేకులు ఉంటాయి. పల్లంలో మాటిమాటికీ బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది, ట్యాంకులో గాలి పీడనం కూడా పడిపోతుంది. అందుకే దిగుడు మొదలు కాకముందే తక్కువ గేరుకు మారి, ఇంజిను నిరోధంతోనే వేగాన్ని అదుపులో ఉంచాలి. న్యూట్రల్‌లో దిగే వాహనానికి ఈ నిరోధం ఉండదు. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

రెండోది మలుపు. పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో కాక, లోపలి వైపుకు జరిగి వస్తాయి. ఎడమ మలుపులో పక్కన నిలిచిన ద్విచక్ర వాహనదారుడు వెనుక చక్రాల కిందికి వచ్చేది ఈ కారణంగానే. దీనికి తోడు క్యాబిన్ ముందు, ఎడమ పక్క, వెనుక భాగాల్లో అద్దాలకు అందని ప్రదేశాలు ఉంటాయి. నిలిచి ఉన్న లారీ చుట్టూ తోటి అభ్యర్థులను నిలబెట్టి, డ్రైవర్ సీటులో కూర్చొని ఎవరు కనిపిస్తున్నారో, ఎవరు కనిపించడం లేదో చూపడం దీనికి ఉత్తమమైన పాఠం.

మూడోది లోడు. ఖాళీ లారీపై నేర్చుకున్నవాడికి నిండు లారీ కొత్త వాహనమే. బరువు పెరిగినకొద్దీ నిలిచేందుకు పట్టే దూరం పెరుగుతుంది. ఎత్తుగా నింపిన సరకు మలుపులో వాహనాన్ని బోల్తా వైపు లాగుతుంది. సగం నిండిన ట్యాంకరులో ద్రవం ముందుకు వెనక్కు ఊగి, బ్రేకు వేసి ఆగిన తర్వాత కూడా వాహనాన్ని నెడుతుంది. నియమావళి 15 గంటల లెక్క చెబుతున్నా, అందులో ఎన్ని గంటలు లోడుతో నడపాలో చెప్పదు. మంచి స్కూలును గుర్తించేందుకు అభ్యర్థి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

నాలుగోది అగ్నిప్రమాదం, ఆపద సమయం. పొగ కనిపించిన క్షణంలో వాహనాన్ని నిలిపి, ఇంజిను ఆపి, తలుపులు తెరిచి, ప్రయాణికులను అత్యవసర ద్వారం వైపు పంపడం చదివి గుర్తుంచుకునే విషయం కాదు. చేతితో పదేపదే చేసి అలవాటు చేసుకోవలసిన పని. అగ్నిమాపక సాధనాన్ని ఒక్కసారైనా స్వయంగా వాడి చూడని డ్రైవర్‌కు అర్ధరాత్రి దాని ఉపయోగం తెలియదు. ప్రథమ చికిత్సకూ ఇదే వర్తిస్తుంది.

ఐదోది నిద్ర. డ్రైవర్ల పని గంటలను మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంతో ముడిపెట్టింది. ఆ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి విధించింది. ఏ శిక్షణ అయినా నిద్రకు ప్రత్యామ్నాయం కాదన్నది కొత్త డ్రైవర్ మొదటి రోజే నేర్వవలసిన విషయం. ఈ హక్కు తనకు ఉందని తెలియని డ్రైవర్, వరుసగా రెండో రాత్రి కూడా నడపమన్నప్పుడు కాదనలేడు.

యజమాని బాధ్యత, బీమా

అర్హత లేని వ్యక్తికి వాహనం అప్పగించడం యజమాని చేసిన నేరమని చట్టంలోని 5, 180 సెక్షన్లు చెబుతున్నాయి. దీనికి మూడు నెలల వరకు జైలు, రూ.5,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు లేకుండా నడిపిన డ్రైవర్‌కు 181వ సెక్షన్ కింద ఇదే స్థాయి శిక్ష ఉంటుంది.

అసలైన ఆర్థిక భారం బీమా రూపంలో వస్తుంది. డ్రైవర్‌కు తగిన లైసెన్సు లేదన్నది బీమా సంస్థకు చట్టం అనుమతించిన వాదన. అయితే లైసెన్సు చెల్లనంత మాత్రాన బాధితుడికి పరిహారం నిరాకరించరాదని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కూడా బీమా సంస్థ నిరూపించాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పలు కేసుల్లో సంస్థ ముందుగా బాధితుడికి చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించాయి. ఒకే లారీ మీద కుటుంబాన్ని పోషించే యజమానికి అలాంటి ఆదేశం ఆ లారీనే అమ్ముకునే పరిస్థితి తేవచ్చు. డ్రైవర్‌ను చేర్చుకునే ముందు లైసెన్సు తరగతిని, గడువును, అసలైనదో కాదో సరిచూసుకోవడం యజమానికి అన్నిటికన్నా చౌకైన బీమా.

ఇతర దేశాల్లో

ఐరోపా సమాఖ్య 2003లో జారీ చేసిన ఆదేశం ప్రకారం వృత్తిపరమైన లారీ, బస్సు డ్రైవర్లకు ప్రాథమిక అర్హత కోసం 280 గంటల శిక్షణ లేదా సంక్షిప్త పద్ధతిలో 140 గంటల శిక్షణ అవసరం. గంటల లెక్కకు బదులు కేవలం పరీక్షల ద్వారా అర్హత నిర్ణయించే వెసులుబాటు కూడా సభ్య దేశాలకు ఉంది. ప్రతి ఐదేళ్లకు 35 గంటల పునశ్చరణ శిక్షణ తప్పనిసరి. అమెరికాలో 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లకు శిక్షణను తప్పనిసరి చేశారు. అక్కడ కనీస గంటల నిబంధన లేదు. సిద్ధాంత పరీక్షలో కనీసం 80 శాతం మార్కులు సాధించాలి, ప్రతి ఆచరణాత్మక అంశంలో అభ్యర్థి సమర్థుడయ్యాడని శిక్షకుడు ధ్రువీకరించాలి.

ఒక పద్ధతి గంటలను కొలుస్తుంది, మరొకటి సామర్థ్యాన్ని కొలుస్తుంది. భారతీయ నియమావళి మొదటి పద్ధతిని ఎంచుకున్నా, గంటల సంఖ్యను చాలా తక్కువగా ఉంచింది. ఐదేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరణ సమయంలో వైద్య ధ్రువపత్రం కోరుతున్నా, ఐరోపా తరహాలో సాధారణ డ్రైవర్లందరికీ పునశ్చరణ శిక్షణను తప్పనిసరి చేయలేదు.

కొరత మధ్య నాణ్యత

దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2025 జనవరిలో వెల్లడించారు. కొత్త శిక్షణ కేంద్రాల ఏర్పాటుకు ప్రోత్సాహకాలు ప్రకటించారు. లారీలు ఉన్నా నడిపేవారు దొరక్క షెడ్డుల్లో నిలిచిపోతున్నాయన్నది యజమానులు తరచూ చెప్పే మాట. కొరత తీవ్రంగా ఉన్నప్పుడు శిక్షణను కుదించాలన్న ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది. కానీ సరిగా నేర్పకుండా రహదారి మీదికి పంపిన డ్రైవర్ కొరతను తీర్చడు. అతడి వెంట, అతడి ఎదురుగా ప్రయాణించే అందరికీ ముప్పును పెంచుతాడు. మొదటగా ఆ ముప్పులో పడేది అతడే.

ఈ వృత్తిలోకి వచ్చే యువకుడి చేతిలో ఒక చిన్న సాధనం ఇప్పటికే ఉంది. ప్రతి అభ్యర్థి వాహనాన్ని ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ తరగతి వాహనంపై నడిపాడో ఫారం 15 అనే రిజిస్టరులో డ్రైవింగ్ స్కూలు నమోదు చేయాలి. అందులో శిక్షకుడి సంతకంతో పాటు అభ్యర్థి సంతకానికి కూడా ఒక గడి కేటాయించారు. నడపని గంటకు ఎదురుగా సంతకం పెట్టమన్నప్పుడు నిరాకరించే హక్కు అభ్యర్థికి ఉంది. రుసుము చెల్లించినది ఆ గంట కోసమే. ఘాట్ రోడ్డు మలుపులో అతడికి అక్కరకు వచ్చేదీ ఆ గంటే.